ముడతాకు కొత్త

"ఇది మీ పంట కాదమ్మా," అన్నాడు రవిబాబు, మూత తీసిన డబ్బాను ఒక్క వేలితో బల్ల మీద వెనక్కి తోస్తూ.

ఆ వేలు చూసి నీలవేణికి అరికాలి మంట నెత్తికెక్కింది. మాట సంగతి తర్వాత. మూడు నెలలు మట్టిలో చేతులు పెట్టి పెంచిన ఆకు, నాలుగుసార్లు చెడగొట్టుకుని అయిదోసారి కుదుర్చుకున్న చిప్స్. తినకపోతే మానె, ఎంగిలి విస్తరిని తోసినట్టు అలా తోస్తాడా?

అరకులో చలి ఉత్సవాలు ఇంకో మూడు రోజుల్లో మొదలవుతాయి. మైదానం చుట్టూ గుడారాలు లేస్తున్నాయి. ఆ పనంతా విశాఖపట్నం నుంచి వచ్చిన ఒక సంస్థ కాంట్రాక్టుకు తీసుకుంది. తిండి స్టాళ్లు ఎవరికివ్వాలో తేల్చేవాడు ఈ రవిబాబు. ముప్పై ఏళ్లుంటాయేమో, మెడలో తాడుకు వేలాడే కార్డు, చేతిలో రెండు ఫోన్లు. మాట మాత్రం వెన్నలా మెత్తన. గట్టిగా అరిచేవాడితో పోట్లాడొచ్చు గానీ, ఇలా మెత్తగా మాట్లాడేవాడితో పోట్లాట మహా కష్టం.

"మాది కాకపోతే మరెవలదండి? నా మడిలోది. నిన్న సాయంత్రం కోసినాను," అంది నీలవేణి.

"అలా కాదమ్మా. ఇది కేల్. విదేశీ ఆకు. మన ఫుడ్ కోర్టు థీమేమో ట్రైబల్. మీరు బొంగులో చికెన్ పెట్టండి, స్టాలు ఇప్పుడే రాసేస్తాను. చీర కూడా మేమే ఇస్తాం, మీ పద్ధతిలో భుజం మీద ముడేసుకునేది."

"బొంగులో కోడి నానెప్పుడూ వండలేదు బాబూ. మా ఇంట కుండలోనే వండుతాం."

"అయ్యో, ఈ ఊళ్ల మనిషై ఉండి వండలేదా!" అన్నాడతను, చేపకు ఈత రాదని విన్నవాడిలా. "పర్లేదు, మా కుక్ నేర్పుతాడు."

విశాఖపట్నం వంటవాడు వచ్చి పనసవలస నీలవేణికి కొండ వంట నేర్పుతాడట! ఆమెకు నవ్వూ రాలేదు, ఏడుపూ రాలేదు. డబ్బా మూత బిగించి, సంచిలో పెట్టుకుని బయటికి నడిచింది. రెండు గుడారాలు దాటాక గానీ చెప్పాల్సిన మాటలు నోటికి రాలేదు. తీరా వచ్చాక వినేవాడు లేడు.

ఆ ఆకు కథ చెప్పాలి. కిందటేడు ఒక రిసార్టు వంటవాడు ఆమెకు గింజల పొట్లం ఇచ్చి, పండిస్తే ఎంతైనా తీసుకుంటానన్నాడు. నీలవేణి ఇంటి వెనక మడి కట్టి చల్లింది. మొక్క జానెడెత్తు లేచేసరికి ఆకుల అంచులన్నీ గజిబిజిగా ముడుచుకుపోయాయి. ఆమె అత్త ఈశ్వరమ్మ నలభై ఏళ్లు మిరప పండించిన మనిషి. ఆకు ముడుచుకుంటే ఏం చెయ్యాలో ఆవిడకు ఒకరు చెప్పాలా? తెగులు పక్క మొక్కకు అంటకముందే పీకి తగలెయ్యాలి. కోడలు సంతకు వెళ్లి తిరిగొచ్చేసరికి రెండు వరసలు పీకి, గట్టు మీద మంటేసి, చేతులు కడుక్కుని కూర్చుంది.

"తెగులు తగిలినాది గుంటా. మిగిలినవి రేపు పీకేత్తాను," అంది తృప్తిగా.

ఆ ఆకు పుట్టుకే అంతని, దాని అందం ఆ ముడతల్లోనే ఉందని ఒప్పించడానికి నీలవేణికి రెండు రోజులు పట్టింది. ఊరంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. అప్పటినుంచి కేల్ అనే పేరు ఎవరి నోటా రాలేదు. అది ముడతాకు.

మొక్కలు దక్కాయి గానీ బేరం దక్కలేదు. గింజలిచ్చిన వంటవాడు వేరే ఊరు పోయాడు. వాడి చోటికొచ్చినవాడు ఆకుకు పురుగు చిల్లులున్నాయని ముఖం తిప్పుకున్నాడు. మందు కొట్టకుండా పండించమన్నదీ వాళ్లే, పురుగు ముట్టకూడదన్నదీ వాళ్లే. ఈశ్వరమ్మ పులుసు పెట్టి చూసింది, ముసలి దవడలు నొప్పెట్టాయి. మేకలకు వెయ్యడమే మిగిలిందనుకుంటుండగా జాయ్స్ టీచరు వచ్చింది. మిషన్ బడిలో పాఠాలు చెప్పే ఆవిడ ఇంట్లో, క్రిస్మస్ కేకుల కోసం పార్వతీపురం నుంచి తెచ్చుకున్న చిన్న ఓవెన్ ఉంది. ఆవిడే ఫోన్‌లో వీడియో పెట్టి చూపించింది. తెల్లటి వంటింట్లో తెల్లటి చొక్కా వేసుకున్న ఒకావిడ, "ఆకుకు ప్రేమగా నూనె మర్దనా చేయండి," అంటోంది.

ఈశ్వరమ్మ తలుపు దగ్గర్నుంచి విని అగ్గి మీద గుగ్గిలమైంది. "నా మోకాలికి రాయడానికి నూనె చుక్క నేదు, ఆకుకి మర్దనా అంట! రేపు తానం పోసి ఉయ్యాల్లో ఏత్తారేటి?"

మొదటిసారి ఆకు తడి ఆరకుండా పెట్టారు, ఉడికిన కూరలా వచ్చింది. రెండోసారి నల్లగా మాడింది. మూడోసారి ముందే ఉప్పు జల్లారు, ఉప్పుకు ఆకు నీరు వదిలి మెత్తగా చచ్చింది. నాలుగోసారి సగంలో కరెంటు పోయింది. టీచరు నిట్టూర్చి దండం పెట్టేసింది. నీలవేణి మాత్రం ఇంటికెళ్లి ఆలోచించింది. చిన్నప్పటినుంచీ అడ్డాకు కోసి, ఎండబెట్టి, విస్తళ్లు కుట్టిన చేతులవి. ఆకు ఎండకు ఎండితే విరుగుతుంది, నీడకు ఎండితే మాట వింటుంది. ఆ సంగతి తెల్లచొక్కా ఆవిడకు తెలియదు, తనకు తెలుసు.

ముడతాకు ఈనె లాగేసి, అరచేతంత ముక్కలు చింపి, కడిగి, చేటలో నీడన ఆరబెట్టింది. పాత పంచె గుడ్డతో అద్దింది. ముడతల్లో నీళ్లు దాక్కుంటాయి, అక్కడే మోసం. సొంత చేలో పండిన వలిసెల నూనె అరచేతులకు రాసుకుని, ఆ చేతులతోనే ఆకుల్ని నిమిరింది. మర్దనా అంటే ఇంతేనన్నమాట, పసిపిల్ల ఒంటికి రాసినట్టే. డేకిసా గిన్నె అడుగున గెడ్డవాగు ఇసుక పోసి, మూడు రాళ్ల మీద పళ్లెం పెట్టి, ఆకుల్ని ఒకదాని మీద ఒకటి పడకుండా పరిచి, మూత మీద నాలుగు నిప్పులేసింది. కింద మంట కాదు, సెగ. వాసన మారగానే దించింది. దించినప్పుడు మెత్తగానే ఉన్నాయి. చల్లారేసరికి గలగలమన్నాయి. ఉప్పూ కారం అప్పుడు జల్లింది. ఈశ్వరమ్మ ఒకటి నోట్లో వేసుకుంది, ఆ తర్వాత పళ్లెం వదల్లేదు.

అదీ ఆ డబ్బాలో ఉన్నది. స్టాలు కావాలన్నది డబ్బు ఆశతో కాదు. నేను చేశానని నలుగురి ముందు నిలబడి చెప్పుకోవాలని. తప్పా అది?

రైల్వేస్టేషన్ దారిలో కాఫీ కొట్టు ముందు నీలవేణి కాళ్లు ఆగిపోయాయి. అద్దాల అలమారలో ఆకుపచ్చ పొట్లాలు. మీద పెద్దక్షరాలు, 'అరకు ట్రైబల్ కేల్ చిప్స్'. కింద బొమ్మ: భుజం మీద ముడి, ముక్కుకు మూడు పోగులు, నెత్తిన బుట్ట, పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతున్న ఒక కొండ మనిషి. పొట్లం తిప్పి చూస్తే తయారైన ఊరు ఇక్కడికి రెండు రాత్రుల రైలు దూరం.

గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే. కొట్టువాడిని బతిమాలి ఖాళీ పొట్లం ఒకటి అడిగి తీసుకుని, వచ్చిన దారినే గబగబా వెనక్కి నడిచింది. రవిబాబు ఇంకా అదే కుర్చీలో ఉన్నాడు. పొట్లం అతని ముందు పెట్టింది.

"ఆకు విదేశీది, బొమ్మ మాత్రం మాదా బాబూ?"

అతను పొట్లం అటూ ఇటూ తిప్పాడు. ముఖంలో కాస్త ఇబ్బంది కనిపించింది. "అది బ్రాండింగ్ అమ్మా. అది వేరు," అన్నాడు. అంతలో ఫోను మోగింది. రెండో ఫోను కూడా మోగింది.

అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు. ఆ సామెత నీలవేణి ఆటోలో ఊరు చేరేదాకా పళ్ల మధ్య నములుతూనే ఉంది.

ఊళ్లో దిసారి గాసి నీలవేణి ఇంటి అరుగు మీదే కూర్చుని ఉన్నాడు. పండగలకు మంచిరోజు చూసేదీ, ఊరి దేవత జాకరమ్మ ముందు మొక్కు చెప్పేదీ దిసారైన ఆ ముసలాయనే. నీలవేణి సంచి విసిరికొట్టి జరిగిందంతా ఒక్క ఊపిరిలో చెప్పింది. ఈశ్వరమ్మ రవిబాబు ఏడు తరాలనూ పేరుపేరునా తలుచుకుంది. గాసి మాత్రం చుట్ట ఆర్పి, "ఆడన్నది నిజమే గదేటి," అన్నాడు.

నీలవేణి బిత్తరపోయింది. "ఏటి తాతా? నువ్వూ ఆడి పక్కేనా?"

"ఆడి పక్క కాదు. అడుగుతున్నాను. ముడతాకుకి కొత్త పెట్టినావా?"

కొత్త అంటే తొలిపంట పండగ. ఈ కొండల్లో ఏ పంటైనా ఇంటికి రాగానే నోట్లో వేసుకోరు. కొర్రకు కొర్ర కొత్త, చిక్కుడుకు చిక్కుడు కొత్త, మామిడికి మామిడి కొత్త. తొలి పంట జాకరమ్మకూ పోయినవాళ్లకూ పెట్టి, ఆ తర్వాతే మనుషులు తినాలి. అంతదాకా కాయ చెట్టున మగ్గి రాలిపోయినా ముట్టరు. కొత్త పెట్టకుండా తిన్నవాడు దొంగ కింద లెక్క.

"సంతలో కొన్న గింజలకి కొత్తేటి తాతా? టమాటాకి పెడతన్నామా?"

"పెట్టలేదు. అందుకే టమాటా మనది కాదు, సంతది. లారీవోడు సెప్పిన మాటకి తలూపుతాం. కొర్రల దగ్గర తలూపుతామా?" గాసి కళ్లు చికిలించాడు. "అమ్మోరికి సెప్పని పంట మనదని ఊరోళ్లకి సెప్తే ఎవులు నమ్ముతారు?"

నీలవేణికి కోపం తగ్గలేదు సరికదా, ఇంకాస్త పెరిగింది. ముసలాయన మీద కాదు. తనమీదే. అంత గొడవపడింది, ఇంత చిన్న సంగతి తనకెందుకు తోచలేదు?

"అయితే పెట్టు తాతా. రోజు సూడు," అంది.

గాసి వేళ్లు మడిచి, కళ్లు మూసుకుని, శనివారం పగలు అన్నాడు. అప్పటినుంచి నియమం మొదలు. శనివారం దాకా మడిలో చెయ్యి పెట్టకూడదు, వండకూడదు, ఒక్క ఆకు పొలిమేర దాటకూడదు. ఈశ్వరమ్మ మడి నాలుగు మూలలా వేపకొమ్మలు గుచ్చింది. తాను పీకి తగలబెట్టిన రెండు వరసల చోట కాసేపు నిలబడి, "నాకేటి తెలుసు," అని గొణుక్కుంది.

గురువారం మధ్యాహ్నం ఊళ్లోకి జీపు వచ్చింది. రవిబాబు దిగాడు, చంకలో చుట్టిన ఫ్లెక్సీ, చేతిలో కొత్త చీర ఉన్న కవరు. ముఖమంతా చెమట, చలికాలంలో.

"నీలవేణిగారూ, మీ స్టాలు ఖాయం!" అన్నాడు అల్లంత దూరం నుంచే. "ఢిల్లీ నుంచి ఒక పెద్ద ఆఫీసరు మేడమ్ వచ్చారు. ఆ పొట్లం చిప్స్ తిన్నారట. వాటిని చేసే గిరిజన మహిళలు ఎక్కడున్నారు, చూపించండి అని స్టేజీ మీదే అడిగారు. రేపు పొద్దున్న పది గంటలకి మీరు ఆవిడ ముందు చేసి చూపించాలి."

ఫ్లెక్సీ విప్పాడు. 'ట్రైబల్ కేల్ చిప్స్'. పక్కన అదే బొమ్మ, అవే పళ్లు.

మూడు రోజుల కింద విదేశీ ఆకు. ఈ రోజు ట్రైబల్. మధ్యలో ఏం మారింది? ఆకు మారలేదు, నీలవేణి మారలేదు. పెద్దావిడ నోటి నుంచి ఒక మాట రాలింది, అంతే. ఆమెకు ఒళ్లు మండిపోయింది. అయినా ఆ మంటలోనే మనసు ఒక్క క్షణం జారింది, దాచడం ఎందుకు? పది గంటలకు నలుగురి ముందు నిలబడి, నేను చేశానని చెప్పుకోవచ్చు. కావాలనుకున్నది అదే. చేతిదాకా వచ్చింది. ఆమె చూపు మడి వైపు పోయింది. వేపకొమ్మలు నాలుగూ వాడకుండా నిలబడి ఉన్నాయి.

"రేపు కుదరదు బాబూ. శనివారం కొత్త. అందాకా ఆకు కొయ్యకూడదు."

"శనివారం మేడమ్ వెళ్లిపోతారండీ! ఒక్క బుట్టెడు కొయ్యండి చాలు. ఎవరికి తెలుస్తుంది?"

"నాకు తెలుత్తాది," అంది నీలవేణి. "మొన్న నా డబ్బా ఏలుతో తోసినప్పుడూ ఎవులికీ తెలవదనే అనుకున్నావు కదా. నాకు తెలిసినాది. మాది కాదన్నావు. సరే, నువ్వన్నట్టే, ఇయ్యాళ్టికి మాది కాదు. శనివారం నుంచి మాది. కొత్త కాక ముందు దొంగలా కోసి, మీ మేడమ్ ముందు మాదేనని ఏ మొకంతో సెప్పమంటావు?"

రవిబాబు ఫోను చూసుకున్నాడు, ఆకాశం చూశాడు. ఇక లాభం లేదనుకున్నాడేమో, "నేనే నాలుగు కోసుకుంటాను, మీకు దోషం రాదు," అంటూ మడి వైపు రెండడుగులు వేశాడు.

"ముట్టుకోకు బాబూ!" ఈశ్వరమ్మ గావుకేక పెట్టింది. "తెగులు! ఆకుముడత! కనబడతంలేదేటి? అంటుకుంటాది!"

అతను నిప్పు తొక్కినట్టు వెనక్కి గెంతి, ముట్టుకోని చేతిని కూడా ప్యాంటుకు తుడుచుకున్నాడు. అరుగు మీదున్న గాసి చుట్ట పొగ మింగేసి దగ్గుతో సతమతమయ్యాడు. జీపు వెళ్లిపోయింది. చీర కవరు అరుగు మీదే ఉండిపోయింది. ఫ్లెక్సీ కూడా.

శనివారం పొద్దున్నే నీలవేణి స్నానం చేసి, ఉతికిన తన చీరే కట్టుకుని మడిలో దిగింది. మూడు గంపల ఆకు. ఊరి ఆడవాళ్లంతా చేతులేశారు, ఈనెలు తీసినవాళ్లు, చింపినవాళ్లు. ఆరబెట్టడానికి చేటలు చాలకపోతే ఈశ్వరమ్మ ఆ ఫ్లెక్సీని ఉతికి, బొమ్మ నేలవైపు తిప్పి, చెట్టు నీడన పరిచింది. ఆదివారం చర్చికి తప్ప ఇలాంటివాటికి రాని జాయ్స్ టీచరు కూడా వచ్చి, దూరంగా బల్ల మీద కూర్చుని ఆకులు అద్దింది.

మిట్టమధ్యాహ్నానికి జాకరమ్మ రాళ్ల ముందు అడ్డాకు పరిచి, తొలి పళ్లెం ఆకులు పెట్టారు. గాసి నిలబడి పంటల పేర్లు ఎత్తుకున్నాడు. తాతల నాటి వరస అది. కొర్ర, సామ, చోడి, కంది, చిక్కుడు, మామిడి. అక్కడ ఆగి, వెనక్కి తిరిగాడు.

"పేరేటని సెప్పమంటావు గుంటా?"

టీచరు పెదవులు 'కేల్' అని కదిలాయి. నీలవేణి ఆలోచించలేదు. "ముడతాకు," అంది.

"ముడతాకు," అన్నాడు గాసి జాకరమ్మతో, మామిడి పక్కనే, అదే గొంతుతో. ఒక ఆకు తుంచి పోయినవాళ్ల పేరున నేల మీద పెట్టి, ఒకటి తన నోట్లో వేసుకున్నాడు. అందరూ నిశ్శబ్దంగా ఉన్న చోట ఆ కరకర ఊరవతలికి వినిపించింది. నీలవేణి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఈ ముసలాయనకు పళ్లు నాలుగే మరి, అయినా ఎంత చప్పుడు చేశాడు!

పంక్తులు కూర్చున్నాక జీపు మళ్లీ వచ్చింది. ఈసారి రవిబాబు చేతుల్లో ఏమీ లేదు, మెడలో కార్డు కూడా లేదు. నీలవేణి పళ్లు కొరికింది. మెడ పట్టి గెంటాలని ఉంది. కానీ కొత్త నాడు గడప తొక్కినవాడికి లేదనకూడదు, శత్రువైనా సరే. అది కూడా నియమమే. ఏం చేస్తుంది? అడ్డాకు దొప్ప వేసి, "కూకో," అంది.

కూర్చున్నాడు. అంబలి పోసింది, ముడతాకులు వడ్డించింది. అతను ఒకటి తిన్నాడు. ఆగి, రెండోది తిన్నాడు. తర్వాత తల ఎత్తలేదు. దొప్ప ఖాళీ అయ్యాక నెమ్మదిగా అన్నాడు, "నిన్న మేడమ్‌కి పొట్లంవే పళ్లెంలో పోసి పెట్టామండీ. ఇక్కడి ఆడవాళ్లు చేసినవి ఇవేనా అని అడిగారు. ఇవే అన్నాను."

అతని చెవులు ఎర్రబడ్డాయి. చేసింది తప్పని తెలిసినట్టే ఉంది. తెలిస్తే తెలిసింది, నీలవేణికి మాత్రం జాలి కలగలేదు.

"ఆవిడ సాయంత్రం రైలుకి వెళ్తారు. కొన్ని కట్టిస్తారా?"

"ఈ ఒక్కరోజు పొలిమేర దాటకూడదు బాబూ. తినాలంటే ఆవిణ్ణే ఇక్కడికి రమ్మను. వడ్డిత్తాను."

అతను తలూపాడు. జేబులోంచి ఫోను తీశాడు. "వచ్చే ఏడాది స్టాలు మీదే. ఇప్పుడే రాసుకుంటున్నాను. బోర్డు మీద పేరు ఏమని రాయమంటారండీ?"

"ముడతాకు. కింద మా ఊరి పేరు. పక్కన బొమ్మలేటీ వద్దు, నానే నిలబడతాను."

"పక్కన కేల్ అని కూడా రాయనా? ముడతాకు అంటే వచ్చేవాళ్లకి అర్థం కాదేమోనండీ."

నీలవేణి ఖాళీ దొప్పలో మరో నాలుగాకులు వడ్డించింది.

"కేల్ అంటే మాకు మాత్రం తెలిసిందేటి బాబూ? తెగులనుకుని రెండు వరసలు పీకీసినాం. ఆనక అడిగి తెలుసుకున్నాం. ఆళ్లనీ అడగమను."